ఊపిరికీ ఒక కొలత ఉంది

రాజమండ్రి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం మూడు వారాలుగా నా బల్లమీదే ఉంది. పేరు వేయవద్దన్నారు. విషయం ఇది: అత్తగారికి అరవై రెండేళ్లు. చలికాలం వచ్చిందంటే దగ్గు, నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. "పెద్దతనం అంటే అంతేనమ్మా" అంటారట ఆవిడ. ఒక డాక్టరుగారు పీల్చే మందు వ్రాసి ఇచ్చారు. కాని ఈ సోదరి భర్తగారు "అది ఒకసారి మొదలుపెడితే ఇక జన్మకు మానలేరు, ఆఖరిదశలో వాడే మందు అది" అని ఆ చీటీ తీసుకెళ్లి బీరువాలో పెట్టారట. "మీరేమంటారు? అత్తగారు చుట్ట, బీడీ ఎరగని మనిషి. ఆవిడకు ఊపిరితిత్తుల జబ్బు ఎందుకు వస్తుంది చెప్పండి?" అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. ఇటువంటి ఉత్తరాలకు మామూలుగా "మంచి డాక్టరుకు చూపించండి" అని రెండు ముక్కలు వ్రాసి ఊరుకొంటాను. దీనికి అలా వ్రాయడానికి చెయ్యి రాలేదు. కారణం మా దొడ్డమ్మ.

దొడ్డమ్మ కాపురం తెనాలి దగ్గర పల్లెలో. పదహారో యేట ఆ ఇంట అడుగుపెట్టింది. ఉమ్మడి సంసారం. పూట పూటకీ పద్ధెనిమిది విస్తళ్లు లేచేవి. వంటిల్లు పెరటివైపు. ఒకటే కిటికీ, అదీ పిల్లి దూరుతుందని మూసే ఉండేది. కందికంప, సరుగుడు కట్టెలు, పిడకలు, మధ్యాహ్నం పాలు కాగడానికి పొట్టుపొయ్యి. వానాకాలంలో తడికట్టెలు ఓ పట్టాన అంటుకోవు గదా! ఊదుగొట్టం పట్టుకొని పొయ్యి ముందు వంగి, కళ్లు ఎర్రబడేదాకా ఊదేది. సెలవులకు వెళ్లినప్పుడు ఆ గొట్టం ఊదడం మా పిల్లలందరికీ సరదా. రెండు నిమిషాలు ఊది, దగ్గుకొంటూ పెరట్లోకి పరుగెత్తేవాళ్లం. పరుగెత్తడానికి మాకు వీలుండేది. ఆవిడకు ఉండేది కాదు. ఆ ఇంటికి గాసుపొయ్యి వచ్చేసరికి దొడ్డమ్మకు నలభై దాటాయి. వచ్చిన తరవాత కూడా "గాసు దండగ" అని కాగునీళ్లకూ, పప్పుకూ కట్టెలే వాడింది కొన్నాళ్లు.

ఆయాసం ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఒక్కరూ చెప్పలేరు. జ్వరమైతే ఫలానా రోజు వచ్చిందని చెప్పవచ్చు. ఇది అలా రాదు. మనిషి ఒక్కొక్క పనే మానుకొంటూ వస్తుంది, అంతే. దొడ్డమ్మ మొదట మంగళగిరి కొండమెట్లు ఎక్కడం మానేసింది. "మోకాళ్లు" అంది. తరవాత డాబామీద వడియాలు పెట్టడం మానేసింది. "ఎవరు తింటున్నారే ఈ రోజుల్లో" అంది. ఆ పైన బిందె ఎత్తడం కోడలికి వదిలేసింది. అత్తగారు పెత్తనం ఒప్పజెప్పారని అందరూ సంతోషించారు కూడానూ. కథలు చెప్పడంలో మా కుటుంబంలో ఆవిడ తరవాతే ఎవరైనా. ఆ కథ మధ్యలో ఆగడం మొదలుపెట్టింది. రాక్షసుడు తలుపు తీసేచోట ఆగేది. రాజకుమారుడు గుర్రం ఎక్కేచోట ఆగేది. కథ రక్తి కట్టించడానికి ఆగుతోందనుకొన్నాం. ఊపిరి అందక ఆగుతోందని ఎవరికి తోచింది! 2021లో ఒక పెళ్లిలో నేను స్వయంగా "ఒళ్లు బరువెక్కింది దొడ్డమ్మా, కాస్త నడు" అని నలుగురిలో హాస్యమాడాను. ఆవిడ నవ్వి ఊరుకొంది. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

వైద్యం చేయించలేదా అంటే, చేయించారు. తొమ్మిది చలికాలాలు దగ్గుమందు సీసాలు, మాత్రలు, ఇంజక్షన్లు. గుండెకు ఇ.సి.జి. తీశారు, స్కానింగు చేశారు. బాగుందన్నారు. ఛాతీకి ఎక్స్‌రే తీశారు. మచ్చలేమీ లేవన్నారు. "ఏమీ లేదు, వయస్సు" అని ఒక డాక్టరుగారు తేల్చి చెప్పేశారు. నిజానికి ఈ జబ్బు ముదిరేదాకా ఎక్స్‌రేలో పట్టుబడకపోవచ్చు. ఆ తొమ్మిదేళ్లలో ఆవిడ చేత ఊదించి చూద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. మాకూ తెలియదు, అడగడానికి.

2023 నవంబరులో ఒకనాటి రాత్రి ఊపిరాడక లేచి కూర్చుంటే మా తమ్ముడు గుంటూరు తీసుకెళ్లాడు. నేను విజయవాడ నుంచి వెళ్లాను. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు చిన్నవయసు అమ్మాయే. దొడ్డమ్మ వీపుమీద స్టెతస్కోపు పెట్టి విన్నది, మాటలాడించింది. తరవాత "అమ్మా, పక్కగదిలో ఒక గొట్టం ఊదాలి" అంది.

పరీక్షకు సూదీ లేదు, నెత్తురూ లేదు. ముక్కుకు ఒక క్లిప్పు పెట్టారు. గుండెల నిండా గాలి తీసుకొని, మూతికి గొట్టం పెట్టుకొని, ఒక్కసారిగా బలమంతా పెట్టి ఊదాలి. ఊదుతూనే ఉండాలి, ఇక లేదు అనుకొన్న తరవాత కూడా. "ఊదండి, ఊదండి, ఊదండి, ఇంకా, ఇంకా" అని ఆ గదిలో అమ్మాయి చేసే హడావిడికి నాకే ఊపిరి బిగబట్టింది. మూడుసార్లు ఊదించారు. నాలుగు పీల్పుల మందు ఇచ్చి, పావుగంట ఆగి, మళ్లీ ఊదించారు. గొట్టం చేతికి ఇవ్వగానే దొడ్డమ్మ ఏమందో తెలుసునా? "ఇదేమిటే, ఊదుగొట్టమేగా! దీనికి ఇంత దూరం రావాలా?"

ఆ కాయితంలో ఏముందో నాకు అర్థమైనంత చెబుతాను. ఆరోగ్యమైన మనిషి గుండెల నిండా ఉన్న గాలిలో నూటికి డెబ్భై పాళ్లు, చిన్నవాళ్లైతే ఎనభై దాకా, మొదటి ఒక్క సెకండులోనే బయటకు ఊదేయగలదు. దొడ్డమ్మ ఊదిన గాలి మొత్తం 1.9 లీటర్లు. అందులో మొదటి సెకండులో వచ్చింది 0.98 లీటరు, అంటే నూటికి 52 పాళ్లు. మందు పీల్చిన తరవాత కూడా అంతే. ఇరుకుమూతి సీసాను బోర్లిస్తే నీళ్లు బుడబుడమంటూ ఎంతకీ దిగవు చూడండి, అలాగన్నమాట. లోపల గాలి ఉంది, బయటకు పోవడానికి దారి ఇరుకు. పాతగాలి పోదు గనుక కొత్తగాలికి చోటుండదు. ఆయాసం వచ్చేది అందుకు. మందు పీల్చిన తరవాత కూడా డెబ్భైకి తక్కువే ఉండిపోతే, లక్షణాలతో కలిపి చూసి, డాక్టర్లు దాన్ని సి.ఓ.పి.డి. అంటారు. ఉబ్బసం వేరు. అందులో గొట్టాలు ఒకప్పుడు ముడుచుకొని, మళ్లీ తెరుచుకొంటాయి. మందు పీలిస్తే కొలత బాగా పెరుగుతుంది. సి.ఓ.పి.డి.లో పోయిన దారి పూర్తిగా తిరిగి రాదు. రెండూ కలిసి ఉన్నవాళ్లూ లేకపోలేదు.

"పొగ త్రాగే అలవాటుందా అమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. దొడ్డమ్మకు కోపం వచ్చింది. "మా ఇంటావంటా లేదు!" అంది. "పొయ్యి ముందు ఎన్నేళ్లు కూర్చున్నారు?" అని రెండో ప్రశ్న. దొడ్డమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఇరవయ్యారేళ్లు.

రాజమండ్రి సోదరి మొదటి ప్రశ్నకు సమాధానం ఇదే. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కూడా కాదు. డాక్టర్ పద్మావతి అని మన దేశపు మొదటి మహిళా హృద్రోగ నిపుణురాలు ఉండేవారు. 2020లో నూటమూడేళ్లు జీవించి కన్నుమూశారు. ఆవిడ ఢిల్లీలో ఊపిరితిత్తుల వ్యాధివల్ల గుండె చెడినవారిని 127 మందిని పరిశీలించి 1959లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వ్యాసం ప్రకటించారు. ఆ రోగుల్లో మగవాళ్లు చాలామంది పొగత్రాగేవారు, ఆడవాళ్లలో బహు కొద్దిమంది. అయినా ఆడవాళ్లకు జబ్బు తక్కువగా లేదు సరిగదా, మగవాళ్లకన్నా చిన్నవయసులోనే వస్తోంది. వంటింటి పొగను ఆవిడ అప్పుడే అనుమానించారు. 1959 అంటే మా దొడ్డమ్మకు నాలుగేళ్లు. ఆవిడ అప్పటికి ఇంకా ఊదుగొట్టం ముట్టుకోలేదు.

ఆంధ్ర ప్రదేశ్‌లో పేద ఇళ్లకు గాసు కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం వచ్చింది 1999లో. దేశమంతటికీ ఉజ్జ్వల పథకం వచ్చింది 2016లో. ఆ 2016 సంవత్సరానికే లెక్కలు కట్టి శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించారు: మన దేశంలో సి.ఓ.పి.డి. ఉన్నవారు 5 కోట్ల 53 లక్షలు, ఉబ్బసం ఉన్నవారు 3 కోట్ల 79 లక్షలు. సి.ఓ.పి.డి. వల్ల జరిగే నష్టంలో సగానికి పైగా ఇంటా బయటా గాలి చెడడం వల్లనని, పొగాకు వాటా నాలుగోవంతని అందులో తేలింది. చుట్ట ముట్టని ఆడవాళ్లకు ఎందుకు వస్తుందని మనం ఆశ్చర్యపోతూనే ఉన్నాం.

ఈ కొలత వెనుక పెద్ద కథే ఉంది. లండనులో జాన్ హచిన్సన్ అనే డాక్టరు 1846లో దీని సంగతి లోకానికి చెప్పాడు. నీళ్లతొట్టిలో గంటను బోర్లించి, మనిషి ఊదితే గంట ఎంత పైకి లేస్తుందో చూసేవాడు. నావికులు, పోలీసులు, అగ్నిమాపక దళంవాళ్లు, మల్లులు, బిచ్చగాళ్లు - రెండువేల పైచిలుకు మంది చేత ఊదించాడు. మనిషి ఎత్తునుబట్టి ఊపిరి కొలత ఉంటుందని అతడే తేల్చాడు. జీవిత బీమా కంపెనీలకు ఇది పనికివస్తుందని ఆశపడ్డాడు కూడా. తరవాత ఎందుకో అన్నీ వదిలి ఆస్ట్రేలియా వెళ్లి, చివరికి 1861లో ఫిజీ దీవుల్లో చనిపోయాడు. "మొదటి సెకండు" లెక్క మాత్రం ఇంకో నూరేళ్లకు, 1947లో, పారిస్ డాక్టరు టిఫ్నో చెప్పాడు. ఇంత పాత పరీక్ష! రక్తపోటు కొలిచే యంత్రం మన ఇళ్లలో అలమరలకు ఎక్కింది. చక్కెర కొలిచే యంత్రం ఎక్కింది. ఊపిరి కొలిచే గొట్టం పేరు వినని ఇళ్లే ఎక్కువ.

మా దొడ్డమ్మ వంటివాళ్లు మన దేశంలోనే ఉన్నారనుకొనేదాన్ని. కెనడాలోనూ ఉన్నారట. అక్కడి డాక్టర్లు ఒక చిత్రమైన పని చేశారు. ఊళ్లలో ఇళ్లకు ఊరికే టెలిఫోను చేసి "మీ ఇంట్లో ఎవరికైనా దగ్గు, ఆయాసం ఉన్నాయా?" అని అడిగించారు. అలా 38,353 మందిని ప్రశ్నించి, అనుమానం ఉన్నవారి చేత ఊదించి చూస్తే, 595 మందికి సి.ఓ.పి.డి.గానీ, ఉబ్బసంగానీ ఉన్నట్లు తేలింది. అంతకు ముందు వాళ్లకు ఆ పేరు చెప్పినవాళ్లు లేరు. అందులో 508 మందిని చీటీలు వేసినట్లు రెండు జట్లు చేశారు. ఒక జట్టును ఊపిరితిత్తుల నిపుణులు, జబ్బు సంగతి నేర్పే ఉపదేశకులు చూశారు. రెండో జట్టును వాళ్ల మామూలు డాక్టర్లే చూశారు. 2024లో ఫలితం ప్రకటించారు. ఊపిరి జబ్బు తిరగబెట్టి డాక్టరు దగ్గరికో, ఆసుపత్రికో పరుగెత్తవలసి రావడం, నిపుణులు చూసిన జట్టులో మనిషికి ఏడాదికి సగటున 0.53 సార్లు, రెండో జట్టులో 1.12 సార్లు. అంటే సగానికి తగ్గింది. నన్ను ఆకర్షించింది ఇంకోటి. జబ్బు పేరు తెలిసిన తరవాత రెండు జట్ల వాళ్లూ మునుపటికన్నా మెరుగయ్యారు.

మా దొడ్డమ్మకు ఎవరూ టెలిఫోను చేయలేదు. నేను చేసేదాన్ని, ఆదివారం ఆదివారం. మందులు వేసుకొన్నావా అని అడిగేదాన్నే గాని, మెట్లు ఎక్కగలుగుతున్నావా అని అడిగిన పాపాన పోలేదు.

ఇక రెండో ప్రశ్న, పీల్చే మందు. ఇది మన ఇళ్లలో ఎంత పెద్ద భూతమో నాకు తెలుసు. పెళ్లికావలసిన పిల్ల చేతిసంచీలో ఇన్‌హేలరు కనిపిస్తే సంబంధం చెడుతుందని దాచిపెట్టే తల్లులను చూశాను. "అలవాటైపోతుంది", "బలమైన మందు", "ఆఖరు మందు" - ఈ మూడు మాటలూ నేనూ నమ్మినదాన్నే. లెక్క చూస్తే తలక్రిందులు! గొట్టాలు వదులుచేసే సాల్బ్యుటమాల్ అనే మందు మాత్రగా మింగితే ఒక మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉంటుంది. పీలిస్తే ఒక పీల్పుకు 100 మైక్రోగ్రాములు. అంటే ఒక్క మాత్ర నలభై పీల్పులకు సమానం. మాత్ర ఒళ్లంతా తిరిగి, చేతులు వణికించి, గుండె దడదడలాడించి, చివరికి చేరవలసిన చోటికి కొంచెం చేరుతుంది. పీల్చేది తిన్నగా అక్కడికే పోతుంది. రోజూ వాడాలన్నది నిజమే. కళ్లజోడు కూడా రోజూ పెట్టుకొంటాం, దానికి బానిసలమయ్యామని ఎవరూ అనరు.

ఈ డబ్బా పుట్టుక కూడా ఒక ఇంటి కథే. అమెరికాలో ఒక మందుల కంపెనీ అధ్యక్షుడు జార్జి మైసన్. ఆయన పదమూడేళ్ల కూతురికి ఉబ్బసం. అప్పట్లో రబ్బరు బుడ్డి నొక్కి మందు పీల్చే గాజు సాధనం ఉండేది, తరచు పగిలేది. "జుట్టుకు కొట్టుకొనే స్ప్రే డబ్బాలాగా నా మందు కూడా డబ్బాలో ఎందుకు రాదు నాన్నా?" అని ఆ పిల్ల అడిగిందట. 1956లో డబ్బా మార్కెట్లోకి వచ్చింది.

అయితే పీల్చడం తెలియాలి. ఇక్కడ మా ఇంటి పరువు కాస్త పోతుంది, అయినా చెబుతాను. దొడ్డమ్మకు ఇచ్చింది గుళికలు. ఒక చిన్న సాధనంలో గుళిక పెట్టి తిప్పితే అది విడిపోయి లోపలి పొడి బయటపడుతుంది, దాన్ని గట్టిగా పీల్చాలి. పది రోజుల తరవాత నేను ఫోను చేసి "మందు ఎలా ఉంది?" అంటే, "బాగానే ఉందే, కాఫీతో వేసుకొంటున్నా" అంది. పది రోజులూ గుళికలు మింగింది! సాధనం దేవుడి గూట్లో భద్రంగా ఉంది. డాక్టరమ్మకు చెబితే నవ్వలేదు. చాలామంది చేసే పనేనంది. ఈసారి ఎదురుగా కూర్చోబెట్టి పీల్పించి చూసింది. పొడి సాధనమైతే గట్టిగా, వేగంగా పీల్చాలి. నొక్కే డబ్బా అయితే బాగా ఊపి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కాలి. చెయ్యీ ఊపిరీ కలవనివాళ్లకు నడుమ తగిలించుకొనే స్పేసర్ అనే బుర్ర దొరుకుతుంది. ఏదైనా పీల్చిన తరవాత పది సెకండ్లు బిగబట్టాలి. స్టీరాయిడ్ ఉన్న మందైతే నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. ప్రతిసారీ డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు "నేను పీలుస్తాను, మీరు చూడండి" అని అడగండి. సిగ్గుపడవలసిన పని లేదు.

ఉబ్బసం ఉన్నవారికి ఇంకొక్క మాట. ఆయాసం వచ్చినప్పుడు మాత్రం ఆ నీలం డబ్బా నొక్కుకొని, తగ్గగానే జేబులో పెట్టుకొనేవారు మన ఇళ్లలో ఎక్కువ. అది గొట్టాలను వదులు చేస్తుందే గాని లోపలి వాపును తీయదు. ఆ ఒక్క మందుమీదే ఆధారపడవద్దని, వాపు తీసే మందు కూడా ఉండాలని 2019 నుంచి ఉబ్బసం వైద్యానికి సలహాలిచ్చే అంతర్జాతీయ బృందం గట్టిగా చెబుతోంది. నీలం డబ్బా ఒక్కటే వాడుతూన్నవారు డాక్టరును అడిగి తీరాలి.

కొత్త మందుల సంగతి పత్రికల్లో చూసి నేనూ ఉత్సాహపడ్డాను. దుపిలుమాబ్ అని రెండు వారాలకొకసారి చర్మం కింద ఇచ్చే ఇంజక్షను ఉంది. రక్తంలో ఇయోసినోఫిల్ అనే తెల్లకణాలు ఎక్కువగా ఉన్న (మైక్రోలీటరుకు 300, ఆ పైన) సి.ఓ.పి.డి. రోగులు 939 మందిమీద పరీక్ష చేస్తే, ఏడాదిలో జబ్బు తిరగబెట్టడం నూటికి ముప్ఫై వంతులు తగ్గిందని 2023లో ప్రకటించారు. 2024 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ఈ జబ్బుకు అనుమతి ఇచ్చింది. తిరగబెట్టిన ఉబ్బసానికీ, సి.ఓ.పి.డి.కీ స్టీరాయిడ్ మాత్రలకు బదులు బెన్రాలిజుమాబ్ అనే ఇంజక్షను ఒక్కటి ఇచ్చి చూసిన పరీక్ష ఇంగ్లండులో జరిగింది. 158 మంది మీద. మూడు నెలల్లో వైద్యం విఫలమైంది మాత్రల జట్టులో నూటికి 74 మందికి, ఇంజక్షను జట్టులో 45 మందికి. ఇది చిన్న పరీక్షే, అయినా యాభై ఏళ్లుగా మారని వైద్యంలో కదలిక వచ్చిందని డాక్టర్లు సంతోషిస్తున్నారు. కావలసిన రక్తపరీక్ష మామూలుదే, మన ఊళ్లలో ఎక్కడైనా చేస్తారు.

ఇదంతా దొడ్డమ్మ కోసం డాక్టరమ్మను అడిగాను. ఆవిడ రెండు సంగతులు చెప్పింది. ఒకటి, ధర. అది మధ్యతరగతి సంసారం మోయగలిగింది కాదు. రెండోది విని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. దుపిలుమాబ్ పరీక్షలో చేర్చుకొన్నవారంతా పొగ త్రాగేవారో, త్రాగి మానినవారో. రోజుకొక పెట్టె చొప్పున కనీసం పదేళ్లు త్రాగినంత లెక్క ఉంటేనే ప్రవేశం. పొయ్యి పొగ లెక్కలోకి రాదు. ఆ మాటకొస్తే, ఊపిరి ఏటేటా ఎలా తరిగిపోతుందో, పొగ మానేస్తే ఆ తరుగుదల ఎలా నెమ్మదిస్తుందో 1977లో ఫ్లెచర్, పీటో అనే ఆంగ్లేయులు గీసి చూపిన గీతలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నాయి. వాటికి ఆధారం ఎనిమిదేళ్లు గమనించిన 792 మంది లండను ఉద్యోగులు, అందరూ మగవాళ్లే. 1959లో పద్మావతిగారు చూపించిన ఆడవాళ్లు ఇంకా గుమ్మం బయటే ఉన్నారన్నమాట. పొయ్యి పొగ జబ్బు చుట్టపొగ జబ్బుకన్నా కొంత వేరుగా ఉంటుందని, వీరిలో గాలిగదులు చెడడంకన్నా గొట్టాలు బిగుసుకోవడం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మరి మందు కూడా వేరుగా పనిచేస్తుందేమో! చూసేవాళ్లు చూడాలి.

ప్రాణవాయువు యంత్రం గురించి కూడా వ్రాయాలి, ఎందుకంటే 2021లో కరోనా భయానికి కొన్న యంత్రాలు చాలా ఇళ్లలో మూలన ఉన్నాయి. మా తమ్ముడూ ఒకటి కొన్నాడు. దొడ్డమ్మకు ఆయాసం వచ్చినప్పుడల్లా అది తగిలించేవాడు పాపం, భక్తిగా. రక్తంలో ప్రాణవాయువు బాగా పడిపోయినవారికి అది నిజంగా ప్రాణదాత. బ్రిటనులో 87 మంది మీద చేసి 1981లో ప్రకటించిన పరీక్షలో, రోజుకు కనీసం 15 గంటలు పీల్చిన 42 మందిలో 19 మంది చనిపోయారు, పీల్చని 45 మందిలో 30 మంది. కాని కొద్దిగా మాత్రమే తగ్గినవారికి ఇచ్చినా ఇవ్వకున్నా తేడా లేదని 2016లో అమెరికాలో 738 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. దొడ్డమ్మ వేలికి పెట్టి చూస్తే 94. "ఈవిడకు యంత్రం వద్దు, నడక కావాలి" అంది డాక్టరమ్మ.

ఆయాసం వచ్చేవాళ్లను నడవమనడమేమిటని మా తమ్ముడు తెల్లబోయాడు. కాని ఈ జబ్బుకు క్రమపద్ధతిలో నేర్పే వ్యాయామం ఎంత మేలు చేస్తుందో చూడడానికి జరిగిన 65 పరీక్షలను 2015లో ఒకచోట చేర్చి చూస్తే, ఫలితం ఎంత తేటగా ఉందంటే, మేలు చేస్తుందా లేదా అని ఇక పరీక్షలు అక్కరలేదని అందులోనే వ్రాశారు. వైద్యశాస్త్రంలో "ఇక చాలు" అనే మాట నేను విన్నది ఇక్కడే. దొడ్డమ్మ మొదట వీధిగుమ్మం నుంచి వేపచెట్టు దాకా నడిచింది. పెదవులు సున్నాలా చుట్టి, పులుసు చల్లార్చినట్లు నెమ్మదిగా ఊదుతూ నడవమన్నారు. ఈ ఊదడం మాత్రం ఆవిడకు నేర్పనక్కరలేకపోయింది. నెల తరవాత రామాలయం దాకా వెళ్లింది. ఏటేటా ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా కూడా వేయించాం.

రాజమండ్రి సోదరీ, మీ ఇంట్లో పిల్లలున్నారని వ్రాశారు గనుక ఇది కూడా చెబుతాను. ఈ జబ్బు వచ్చినవారిలో సుమారు సగంమందికి ఊపిరి వేగంగా తరగడం వల్ల కాదు, యౌవనంలోనే వాళ్ల ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకపోవడం వల్ల వచ్చిందని 2015లో వెల్లడైన ఒక పరిశోధన చెప్పింది. ఊపిరితిత్తులు ఇరవై ఏళ్లు దాటేదాకా ఎదుగుతూనే ఉంటాయి. మా మనవరాలికి పధ్నాలుగేళ్లు, దొడ్డమ్మ పక్కనే పడక. ఆ గదిలో రాత్రి దోమల చక్రం, సాయంత్రం సాంబ్రాణి, వరండాలో మా తమ్ముడి సిగరెట్టు. డాక్టరమ్మ మూడూ తీసేయమంది. దోమల చక్రానికి బదులు తెర వచ్చింది. సాంబ్రాణి పెరట్లోకి వెళ్లింది. సిగరెట్టు మానేశానని తమ్ముడు అంటాడు. మరదలు ఏమీ అనదు.

మీవారు బీరువాలో పెట్టిన చీటీ బయటకు తీయించండి. అత్తగారి చేత మొదట ఊదించి, ఆ కొలతనుబట్టి మందు ఏమిటో డాక్టరును నిర్ణయించమనండి. ఖర్చు మీ కుటుంబం ఒకసారి సినిమాకు వెళ్లివచ్చేపాటే ఉంటుంది. ఆ కాయితం పారేయకండి, వచ్చే ఏడు పక్కన పెట్టి చూసుకోవాలి. ఫలితం ఏమైందో నాకు నాలుగు ముక్కలు వ్రాయండి.

దొడ్డమ్మ చేత ఏడాది తరవాత, 2024 డిసెంబరులో, మళ్లీ ఊదించారు. మొదటి సెకండు కొలత 0.97. ఆవిడకు చాలా నిరుత్సాహం కలిగింది. "ఏడాదంతా పీల్చి, నడిచి చస్తే, రవ్వంత కూడా పెరగలేదుటే?" అంది. ఈ వయసులో అంతమాత్రం తరగడం మామూలేనని, నిలబెట్టారని డాక్టరమ్మ ఎంతో సంతోషంగా చెప్పినా నమ్మలేదు. కాని ఆ సంక్రాంతి వెళ్లాక రెండుచోట్ల ఆగి డాబా ఎక్కి గుమ్మడికాయ వడియాలు పెట్టింది. నేను ఉన్నాను ఆ రోజు. రాత్రి మనవరాలికి కథ చెబుతూ, రాక్షసుడు తలుపు తీసేచోట ఆగింది. ఆ పిల్ల తొందరపెట్టలేదు. మామ్మ పెదవులు చుట్టి ఊపిరి నెమ్మదిగా వదలి, మళ్లీ తీసుకొనేదాకా చూసి, అప్పుడు "ఊఁ" అంది.